మూడో స్ట్రైక్ పడ్డాక ఏం చేయాలి?

లాస్ ఏంజెలెస్‌లో రాత్రి 7:10కి మొదలయ్యే బేస్‌బాల్ మ్యాచ్ మన బెంగళూరు గడియారంలో మర్నాడు పొద్దున 7:40కి పడుతుంది. ఆఫీసు క్యాబ్ హారన్ కొట్టేలోపు ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని మూడు ఇన్నింగ్స్ చూసేసేవాళ్ళు, ఆదివారాలు పిల్లల్ని బేస్‌బాల్ ప్రాక్టీసుకు తిప్పేవాళ్ళు ఈసారి మాకు ఉత్తరాలు రాశారు. బ్యాటు ఎలా పట్టుకోవాలని అడిగినవాళ్ళు తక్కువ. బుర్రలో ఏం జరుగుతుందన్నదే అందరి ప్రశ్న. అందుకని ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. కొత్తవాళ్ళకో మాట: బ్యాటర్ ఊపి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా అది స్ట్రైక్; మూడు పడితే అవుట్, అదే స్ట్రైకవుట్.

ప్రశ్న: నాలుగుసార్లు బ్యాటింగుకు వచ్చి మూడుసార్లు అవుటైనవాణ్ణి కూడా వ్యాఖ్యాతలు బాగా ఆడాడంటారు. పదింట ఏడుసార్లు ఓడేవాడు గొప్ప ఆటగాడెలా అవుతాడు? అసలు అతనికి రాత్రి నిద్రెలా పడుతుంది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్ళి

జవాబు: మీరు లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. సీజన్లో 500 సార్లు బ్యాటింగు లెక్కలోకి వచ్చిందనుకోండి. అందులో 125 హిట్లు (బంతి కొట్టి, అవుట్ కాకుండా పరుగుదారిలోని మజిలీ అయిన బేస్ చేరడం) కొడితే సగటు, అంటే హిట్లను 500తో భాగిస్తే, 0.250. ఇలాంటివాళ్ళు ప్రతి జట్టులోనూ ఉంటారు. 150 కొడితే 0.300. ఇతన్ని ఏ జట్టూ వదులుకోదు. తేడా 25 హిట్లు. 162 మ్యాచ్‌ల సీజన్ దాదాపు 26 వారాలు నడుస్తుంది. అంటే ఈ ఇద్దరి మధ్య ఉన్నది వారానికి ఒక్క హిట్. ఈ లెక్క ఒంటబట్టినవాడు ఏదో మంగళవారం మూడుసార్లు అవుటయ్యానని నిద్ర పాడుచేసుకోడు.

ఇన్నిసార్లు తప్పడానికి కారణం సామాన్లలోనే ఉంది. క్రికెట్ బ్యాటు ముఖం చదును, వెడల్పు 4.25 అంగుళాల దాకా ఉండొచ్చు. బేస్‌బాల్ బ్యాటు గుండ్రటి కర్ర, అన్నిటికంటే లావున్న చోట కూడా 2.61 అంగుళాలు దాటకూడదు. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని కొట్టాలి. కర్ర కొంచెం కింద తగిలితే బంతి గాల్లోకి లేచి క్యాచ్ అవుతుంది, కొంచెం పైన తగిలితే నేలకు కొట్టుకుంటుంది. పైగా ఎదురుగా ఏడెనిమిది మంది ఫీల్డర్లు దానికోసమే కాచుకుని ఉంటారు.

అందుకని అనుభవమున్న బ్యాటర్ డగౌట్లోకి (జట్టు కూర్చునే చోటికి) వచ్చాక స్కోరుబోర్డు కంటే ముందు మూడు సంగతులు చూసుకుంటాడు. కొట్టదగ్గ బంతికే స్వింగ్ చేశానా? సమయానికి చేశానా? గట్టిగా తగిలిందా? మూడింటికీ అవునంటే, ఆ బంతి తిన్నగా షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చేతుల్లోకి వెళ్ళినా నోటుబుక్కులో టిక్కే. చెడ్డ బంతికి తడబడి ఊపితే అది ఎలాగో ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య భాగం) దాటి పడి హిట్టయిందనుకోండి, టిక్కు లేదు. ఈ నోటుబుక్కులో వారానికి ఎన్ని టిక్కులు పడ్డాయో చూసేవాడి మనసు సగటు చూసేవాడి మనసు కంటే నిలకడగా ఉంటుంది. సగటును మాత్రం నెలకోసారి చూస్తే చాలు.

సగటు వెంట పడితే ఏమవుతుందో తెలియాలంటే 1941 సెప్టెంబరు 28 గుర్తు చేసుకోవాలి. ఆ పొద్దుటికి బోస్టన్ ఆటగాడు టెడ్ విలియమ్స్ సగటు 0.39955. దగ్గరి అంకెకు సర్దితే 0.400 రికార్డు చేతిలో ఉన్నట్టే. కావాలంటే కూర్చోమని మేనేజర్ అన్నా అతను ఒప్పుకోలేదు. ఆ రోజు జరిగిన రెండు మ్యాచ్‌లూ ఆడి, 8సార్లు బ్యాటింగులో 6 హిట్లు కొట్టి 0.406తో ముగించాడు. అక్కడి రెండు పెద్ద లీగులైన అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత పూర్తి సీజన్‌కు 0.400 ఎవరూ అందుకోలేదు. అతను కూర్చుని ఉంటే రికార్డు పుస్తకం ఒప్పుకునేదేమో గానీ, బేస్‌బాల్ పిచ్చివాళ్ళు ఇప్పటికీ దెప్పుతూ ఉండేవాళ్ళు.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్ళు, స్కూల్లో బేస్‌బాల్ ఆడతాడు. మొదటిసారే స్ట్రైకవుట్ అయితే ఇక ఆ రోజు అయిపోయినట్టే. ఫీల్డింగులో కూడా చేతిలో బంతి నిలవదు. గట్టు మీద నుంచి ‘పర్లేదు నాన్నా, మర్చిపో’ అని అరుస్తుంటాను. పనిచేయట్లేదు.
– ఒక తల్లి, హొరమావు

జవాబు: పనిచేయదమ్మా. మర్చిపో అన్న ప్రతిసారీ మర్చిపోవలసినదేమిటో మళ్ళీ గుర్తుచేస్తున్నారు. ఆ బుర్రకు ఖాళీ ఇవ్వకుండా ఒక పని అప్పజెప్పండి. పెద్ద లీగుల్లో బ్యాటర్లు బంతికీ బంతికీ మధ్య చేసేది ఇదే. 2023 నుంచి అక్కడ పిచర్‌కు (బంతి విసిరేవాడికి) గడియారం పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే మొదట్లో 20, 2024 నుంచి 18. గడియారంలో 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ తను నిలబడే గీతల గడిలో, అంటే బాక్సులో, సిద్ధంగా నిలబడి పిచర్ వైపు చూస్తూ ఉండాలి, లేకపోతే ఊరికే ఒక స్ట్రైక్ పడుతుంది. అంటే బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు మనసు సర్దుకోవడానికి వాళ్ళకు దొరికేది ఏడు సెకన్లు. బాబుకు నేర్పేది కూడా ఆ ఏడు సెకన్లలో పట్టాలి.

ఎలాగంటే, బంతి అయిపోగానే వెనక కాలు బాక్సు బయట పెట్టాలి. గ్లవ్ పట్టీ ఒకసారి విప్పి అంటించాలి. ఆ ‘చర్రు’మనే చప్పుడుతో ఇందాకటి బంతి కథ కంచికి. తర్వాత మైదానంలో కదలని వస్తువు ఒకదాని వైపు చూడాలి. ఇవాన్ లాంగోరియా అనే ఆటగాడు ఎడమవైపు ఫౌల్ స్తంభం (మైదానం పక్క గీత చివర నిలిపిన స్తంభం) కొసను చూసేవాడు. మీ గ్రౌండులో వాటర్ ట్యాంకో, కొబ్బరిచెట్టో, గోల్‌పోస్టో ఏదైనా సరే. అమ్మ ముఖం మాత్రం వద్దు. అక్కడే నిలబడి మూడు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, అయిదు లెక్కపెడుతూ వదలాలి. భుజాలు కిందికి జారాయంటే సరిగా చేసినట్టు. ఆ వెంటనే తనకు మాత్రమే వినపడేలా ఒక చిన్న మాట అనుకోవాలి. అది చేయాల్సిన పనే అయి ఉండాలి, ‘బెల్టు ఎత్తులో, మధ్యలో’ అన్నట్టు. ‘అవుట్ కాకూడదు’ లాంటివి పనికిరావు, ఎందుకంటే అది ఎలా చేసి చూపించాలో ఒంటికి తెలియదు. చివరగా ఎప్పుడూ ఒకే కాలు ముందు పెట్టి బాక్సులోకి రావాలి. చూపు మొదట పిచర్ టోపీ మీద తేలిగ్గా ఉంచి, అతని చెయ్యి పైకి లేవగానే బంతి వదిలే చోటికి మార్చాలి. మొదటినుంచీ ఆ చోటునే గుచ్చి చూస్తే కళ్ళు అలసి, అసలు క్షణంలో మసకేస్తాయి.

పిల్లల దగ్గర ఇది రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, తప్పు జరిగిన తర్వాత మాత్రమే చేయడం. అప్పుడు గ్లవ్ పట్టీ చప్పుడే ‘ఏదో కొంప మునిగింది’ అని చెప్పే గుర్తయి కూర్చుంటుంది. బాగా కొట్టిన బంతి తర్వాత కూడా చేయాల్సిందే. రెండు, మ్యాచ్‌లోనే చేయడం. ప్రాక్టీసులో వంద బంతులు టపటపా కొట్టించే బదులు 20 బంతులే వేయించి, ప్రతి బంతి ముందూ పూర్తి వరస చేయిస్తే నెలలో అలవాటవుతుంది.

కాలిఫోర్నియాలో కెన్ రవిజ్జా అని మనస్తత్వ శిక్షకుడు ఉండేవారు. కాలేజీ జట్టు డగౌట్లో చిన్న బొమ్మ కమోడ్ ఒకటి పెట్టించారు. చెడ్డ ఇన్నింగ్స్ ఆడి వచ్చినవాడు దాని ఫ్లష్ నొక్కాలి, అంతే. నవ్వులాటలా ఉంటుంది గానీ కిటుకు అందులోనే ఉంది. కోపానికి ఒక చోటు, ఒక సమయం ఇచ్చారు. మీ బాబుకు కూడా అవుటై వచ్చాక తర్వాతి బ్యాటర్ ఆట ముగిసేదాకా మూతి ముడుచుకునే హక్కు ఇవ్వండి. గ్లవ్ తొడుక్కుని ఫీల్డింగుకు వెళ్ళేటప్పుడు షూతో మట్టి మీద ఒక గీత గీసి దాటాలి, అక్కడితో సరి.

ఇంత చేసినా మార్పు లేకపోతే తప్పు మనసుది కాకపోవచ్చు. బ్యాటును ఒక్క చేత్తో పిడి దగ్గర పట్టుకుని, చెయ్యి పక్కకు తిన్నగా చాచి 20 సెకన్లు నిలబెట్టమనండి. ఈలోగా కొస వాలిపోతే ఆ బ్యాటు వాడికి బరువు. అన్నయ్య బ్యాటుతో ఆడే పిల్లల్లో సగం బాధ ఇదే. కంటి పరీక్ష కూడా ఒకసారి చేయించండి. ఇక ఇంటికి తిరిగొచ్చే దారిలో ‘ఆ బంతికి ఎందుకు ఊపావురా’ అని మొదలుపెట్టకండి. ‘ఆకలేస్తోందా’ చాలు.

ప్రశ్న: పదేళ్ళుగా లీగు క్రికెట్ ఆడుతున్నాను, మూడో నంబరు బ్యాటర్ని. కంపెనీ జట్టులో బేస్‌బాల్ మొదలుపెట్టాం. చూపు బాగానే ఉంది, కానీ ప్రతిసారీ ఆలస్యంగా ఊపుతున్నాను. ఎందుకు?
– క్రికెటర్, జయనగర్

జవాబు: మూడో నంబరు అన్నారు కాబట్టి మీకు పదేళ్ళుగా నూరిపోసిన పాఠం ‘వికెట్ కాపాడుకో’. బంతి వస్తుంటే మీ ఒళ్ళు మొదట ‘ఆడక్కర్లేదు’ అన్న చోటు నుంచి బయల్దేరి, మంచి బంతి అని తేలాక ‘ఆడతా’ అంటుంది. క్రికెట్లో బంతి నేలకు తగిలి లేచేదాకా కాస్త వ్యవధి ఉంటుంది కాబట్టి అది నడుస్తుంది. ఇక్కడ టప్పా లేదు. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్‌ప్లేటుకు 18.44 మీటర్లు. ముందుకు అడుగు వేసి వదులుతాడు కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. గంటకు 153 కిలోమీటర్ల బంతి సుమారు 0.4 సెకన్లలో మీ ముందుంటుంది. స్వింగ్‌కే దాదాపు 0.15 సెకన్లు పోతుంది. మిగిలిన పావు సెకనులో చూడటం, తేల్చుకోవడం రెండూ జరగాలి.

అందుకే ఇక్కడి బ్యాటర్లు వరసను తిరగేస్తారు. ప్రతి బంతికీ ‘కొడుతున్నా, కొడుతున్నా’ అనుకుంటూ కదలిక మొదలుపెట్టి, బంతి చెడ్డదని తేలితే చివర్లో ఆపేస్తారు. ఆపడం సులువు. ఆగి ఉన్నవాడు అప్పటికప్పుడు మొదలుపెట్టడం కష్టం. ప్రాక్టీసులో 15 బంతులకు కదలిక మొత్తం చేసి, ఒక్కటి కూడా కొట్టకుండా వదిలేయండి. ఆలస్యం చాలావరకు అక్కడే పోతుంది.

ఇక ఏ బంతి కొట్టాలి? విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ను (వదిలేసినా స్ట్రైక్ అయ్యే, ప్లేటు మీది చోటును) అడ్డంగా 7, నిలువుగా 11 బంతులు పట్టే గళ్ళుగా గీసుకున్నాడు, మొత్తం 77. నడిమి గళ్ళలో పడేవి మాత్రమే కొడితే తన సగటు 0.400 అని, బయటివైపు కింది మూలవి కొడితే 0.230 అని అంచనా వేసుకున్నాడు. మొత్తం జోన్‌ను కాపలా కాయాలనుకునేవాడు అన్నిచోట్లా ఆలస్యమే. రెండు స్ట్రైకులు పడేదాకా ఒకే చోటు, ఒకే వేగం ఎదురుచూడండి. రెండు బాల్‌లు (జోన్ బయట పడగా మీరు ఊపకుండా వదిలేసిన బంతులు) పడి స్ట్రైక్ లేకపోతే ఆ చోటును ఇంకా చిన్నది చేసుకోండి, అప్పుడు ఇబ్బందిలో ఉన్నది పిచర్. రెండు స్ట్రైకులు పడ్డాయంటే ఇల్లు అంటుకున్నట్టే. పిడి మీద చేతులు అర అంగుళం పైకి జరపండి, జోన్ పెద్దది చేసుకోండి, అంచు మీది బంతుల్ని ఫౌల్‌గా, అంటే పక్క గీతల బయటికి, అయినా తోసేయండి. రెండు స్ట్రైకుల తర్వాత మామూలు స్వింగ్‌తో పోయిన ఫౌల్ స్ట్రైకు కిందికి రాదు. బంట్ (ఊపకుండా బ్యాటు అడ్డం పెట్టి మెల్లగా తట్టడం) చేయబోయి ఫౌల్ అయితే మాత్రం అవుటే.

క్రికెట్ నుంచి తెచ్చుకున్నవాటిలో పారేయాల్సినది పెద్ద అడుగు. కవర్ డ్రైవ్‌కు వేసినంత ముందడుగు వేస్తే తల కదిలిపోతుంది. జానెడు చాలు. దాచుకోవాల్సినది, ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలేసే ఓపిక. మన ఊరి రాహుల్ ద్రావిడ్ గంటల తరబడి చేసిన పని అది. నాలుగు బాల్‌లు వదిలితే ఇక్కడ మొదటి బేస్ ఊరికే వస్తుంది, ఓపికకు కూలి వెంటనే ఇస్తారు. అన్నట్టు కొట్టగానే బ్యాటు వదిలేసి పరుగెత్తండి. క్రికెటర్లు దాన్ని చంకలో పెట్టుకుని సగం దూరం వెళ్ళాక నాలిక్కరుచుకుంటారు.

ప్రశ్న: నాకు 16 ఏళ్ళు, పిచర్‌ని. నెట్స్‌లో పది బంతుల్లో ఏడు స్ట్రైకులు పడతాయి. మ్యాచ్‌లో కొన్ని నేలకు కొడుతున్నాను, కొన్ని క్యాచర్ తలమీదుగా పోతున్నాయి. నాకేమైంది?
– విద్యార్థి, కె.ఆర్. పురం

జవాబు: ముందు చెయ్యి, తర్వాతే మనసు. రోజుకు ఎన్ని బంతులు విసురుతున్నావో రాశావా? అమెరికాలో కుర్రాళ్ళకు పెట్టిన పరిమితి ప్రకారం 15–16 ఏళ్ళవాడు మ్యాచ్ రోజున 95 దాటకూడదు, 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. మ్యాచ్ ముందురోజు నెట్స్‌లో గంటసేపు విసిరి వచ్చావంటే గురి తప్పడంలో వింతేమీ లేదు. మోచేతి లోపలివైపు నొప్పి ఉంటే ఇక్కడితో చదవడం ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు.

చెయ్యి బాగానే ఉంటే, నీ తప్పులు రెండూ వేర్వేరు. బంతి నేలకు కొట్టుకుంటోందంటే వేళ్ళు బిగిసి ఆలస్యంగా వదులుతున్నావు. తలమీదుగా పోతోందంటే తొందరలో ఒళ్ళు ముందుకు దూకేసి, చెయ్యి వెనకబడి బంతి ముందే జారిపోతోంది. రెండూ భయం పిల్లలే. మొదటిది ‘ఎలాగైనా స్ట్రైక్ పడాలి’ అని గురి పెట్టి మెల్లగా విసరడం వల్ల వస్తుంది, రెండోది ‘త్వరగా అయిపోతే బాగుండు’ వల్ల. ఏ తప్పు జరిగిందో చూసి మందు వేసుకో. నేలకు కొడితే తర్వాతి బంతికి గ్లవ్‌లో వేళ్ళు ఒకసారి వదులు చేసి, క్యాచర్ గ్లవ్ దాకా అని కాకుండా దాని వెనకనున్న వల దాకా విసురుతున్నాననుకో. పైకి పోతే మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) మీది తెల్ల పలక నుంచి వెనక్కి దిగి, ఒక్క ఊపిరి తీసుకుని, కాలు ఎత్తినప్పుడు ఒక క్షణం నిలదొక్కుకో.

వారానికి రెండుసార్లు ఇలా చెయ్యి: 9 మీటర్ల నుంచి పది, 12 నుంచి పది, 15 నుంచి పది, అప్పుడు 18.44 నుంచి పది. చివరి పదిలో హెల్మెట్ పెట్టుకున్న మిత్రుణ్ణి బ్యాటుతో నిలబెట్టు, అతను ఊపకూడదు. నెట్స్‌లో బాగా పడి మ్యాచ్‌లో పడకపోవడానికి ఒక మామూలు కారణం, ప్లేటు పక్కన మనిషి ఉంటే కంటికి దారి ఇరుకుగా కనపడటం. ఇంకో ఆటగా, మూడు బాల్‌లు ముందే పడిపోయినట్టు లెక్క మొదలుపెట్టి అక్కడి నుంచి గట్టెక్కడం ఆడుకోండి. ఈ 40 కూడా రోజు లెక్కలో రాయాలి.

ఇది పిరికితనమని ఎవరైనా అంటే వాళ్ళకు రిక్ ఆంకీల్ పేరు చెప్పు. సెయింట్ లూయిస్ జట్టుకు 2000లో ప్లేఆఫ్ మొదటి మ్యాచ్ ఆరంభించిన 21 ఏళ్ళ కుర్రాడు, ఒకే ఇన్నింగ్స్‌లో 5 బంతులు క్యాచర్‌కు అందకుండా విసిరాడు. పిచర్‌గా ఆ గురి మళ్ళీ పూర్తిగా తిరిగి రాలేదు. అతను అవుట్‌ఫీల్డర్‌గా మారి, 2007లో అదే జట్టులోకి తిరిగొచ్చిన మొదటి రాత్రే హోమ్‌రన్ కొట్టాడు.

ప్రశ్న: మ్యాచ్ రోజున ఎడమ సాక్సే ముందు తొడుక్కుంటాను. మా కోచ్ మూఢనమ్మకం అని నవ్వుతాడు. మానేయాలా?
– మల్లేశ్వరం

జవాబు: లీగులో అందరికంటే ఎక్కువ సగటుకు దక్కే బ్యాటింగ్ కిరీటాన్ని అయిదుసార్లు గెలిచిన వేడ్ బాగ్స్ ప్రతి మ్యాచ్‌కు ముందు కోడికూరే తినేవాడు. కాబట్టి మీరు మంచి సహవాసంలోనే ఉన్నారు. పరీక్ష ఒక్కటే: సాక్సు తారుమారైన రోజు ఆట పాడవుతుందా? అయితే మానేయండి. అవకపోతే మీ కోచ్‌కు నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండనివ్వండి.

ప్రశ్న: అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్లో భారతీయులెవరైనా ఆడారా?
– బీటీఎం లేఅవుట్

జవాబు: ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళు. 2008లో మన దేశంలో జరిగిన పిచింగ్ పోటీలో పైకొచ్చి, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. కింది లీగుల్లో ఆడారు, మేజర్ లీగు దాకా వెళ్ళలేదు.

ప్రశ్న: జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఓహ్తానీ స్కూల్లో ఉన్నప్పుడు గీసుకున్న గళ్ళ కాగితం గురించి విన్నాను. మా తమ్ముడితో అలాంటిది రాయించాలని ఉంది. ఎలా?
– ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: అది 81 గళ్ళ చదరం. నడిమి గడిలో లక్ష్యం, చుట్టూ దానికి కావలసిన ఎనిమిది విషయాలు, ఒక్కోదానికి మళ్ళీ ఎనిమిది పనులు. షోహేయి ఓహ్తానీ హైస్కూలు మొదటి ఏడాదిలో నింపిన కాగితంలో ఆ ఎనిమిదీ ఒళ్ళు, కంట్రోల్, బంతి పదును, గంటకు 160 కిలోమీటర్ల వేగం, రకరకాల బంతులు, మనోనిబ్బరం, మనిషితనం, అదృష్టం. అదృష్టం గడి చుట్టూ రాసుకున్నవి చూడాలి: చెత్త కనపడితే ఏరడం, గది శుభ్రం చేసుకోవడం, సామాన్లు జాగ్రత్తగా చూసుకోవడం, అంపైర్లతో మర్యాదగా ఉండటం, పలకరించడం. అన్నీ ఆ సాయంత్రమే చేసి టిక్కు పెట్టుకోగలిగినవి.

తమ్ముడితో ఒక్కసారిగా 64 పనులు రాయిస్తే వారంలో ఆ కాగితం ఫ్రిజ్ వెనక తేలుతుంది. మూడు విషయాలు, ఒక్కోదానికి మూడు పనులతో మొదలుపెట్టించండి. ‘బాగా ఆడాలి’ లాంటివి రాస్తే కొట్టేయండి. ‘రోజూ 30 స్వింగ్‌లు, అద్దం ముందు’ అని రాస్తే ఉంచండి. నెలాఖరున టిక్కు పడని పనిని తీసేసి, తిట్టకుండా, దాని చోట ఇంకొకటి రాయించండి.

ఓహ్తానీ నడిమి గడిలో రాసుకున్నది, జపాన్ ప్రొఫెషనల్ డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే తంతులో) ఎనిమిది జట్లు తనను మొదట కోరుకోవాలని. 2012లో కోరుకున్నది ఒక్కటే జట్టు. మిగతావి ఎందుకు ఊరుకున్నాయంటే, తిన్నగా అమెరికా వెళ్ళిపోతానని అతను డ్రాఫ్టుకు ముందే చెప్పేశాడు.